కర్నూలులో పది రోజుల సమ్మర్ ఫొటోగ్రఫీ కోర్సు, ఎనిమిది మందే బ్యాచ్. చేరొచ్చా?

ఆదోని_పత్తిపువ్వు
మాది ఆదోని. ఈ ఏడాదే డిగ్రీ అయిపోయింది. మా చిన్నాన్న తన పాత కానన్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్ (18 నుంచి 55 ఎంఎం దాకా జూమ్ అయ్యేది) నాకిచ్చేశాడు. కొన్నాళ్ళుగా యూట్యూబ్ చూసి నేర్చుకుంటున్నా. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. కెమెరా చేతిలోకి తీసుకోగానే మళ్ళీ ఆటో మోడే గతి.

కర్నూలులో మే నెలలో పది రోజుల కోర్సు పెడుతున్నారు. ఎనిమిది మందికే సీట్లు. పొద్దున ఐదున్నరకు మొదలుపెడితే రాత్రి ఏడెనిమిది దాకా ఉంటుందట. ఫీజు పన్నెండు వేలు. "యూట్యూబ్‌లో ఊరికే చెప్తుంటే డబ్బు కట్టేదేంది, అదే డబ్బుకు మంచి లెన్స్ వస్తుంది కదా" అని నాన్న అంటున్నాడు. ఆయన మాట కొట్టిపారేయలేను. అమ్మకేమో ఎండల టెన్షన్. ఉండటానికి ఇబ్బంది లేదు, పిన్నమ్మ వాళ్ళది కర్నూలే.

ఇట్లాంటి కోర్సు చేసినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి. డబ్బు కట్టే ముందు వాళ్ళను ఏం అడగాలి?

గుత్తికోట_నీడ
మీ నాన్న చెప్పిందే రైటు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ (జూమ్ ఉండదు గానీ తక్కువ వెలుతురులో బాగా పనికొస్తుంది) సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకే దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో బస్సెక్కి ఊళ్ళు తిరుగు. నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

హంద్రీ_ఒడ్డు
గుత్తి అన్నతో నేను ఒప్పుకోను. రెండేళ్ళ కింద ఇట్లాంటి చిన్న బ్యాచ్‌లోనే నేర్చుకున్నా, అందుకే కొంచెం వివరంగా రాస్తా.

పొద్దున్నే కొండారెడ్డి బురుజు దగ్గరికి పోయేవాళ్ళం. ఆ బురుజునే ఆరింటికి ఒకసారి, మిట్ట మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒకసారి తీయమన్నారు. నిలబడే చోటు మార్చకూడదు. మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే, పొద్దుటి పక్క వెలుతురులో ప్రతి రాయి అంచూ తెలుస్తోంది. మధ్యాహ్నం ఫొటోలో అదే గోడ చదునుగా, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. వెలుతురు గురించి ఎన్ని వీడియోలు చూసినా అంత బాగా ఎక్కలేదు నాకు.

అసలు పాఠం మధ్యాహ్నం పూట. ఒక్కొక్కరు ఐదు ఫొటోలు ఎంచి ఇవ్వాలి, గోడ మీద పెద్దగా వేసి చూపిస్తారు. ఎవరిది ఏదో పేరు చెప్పరు. ఒక రోజు మన కర్నూలు గోల్ గుమ్మజ్ ఫొటో పడింది. గుమ్మటం, ఆకాశం, ముందర నడిచిపోతున్న తాత, చూడ్డానికి బాగుంది. మాస్టారు లేచి పోయి గోడ మీద కుడి మూలన వేలు పెట్టాడు. అక్కడ ముళ్ళకంపకు చిక్కుకున్న తెల్ల ప్లాస్టిక్ కవరు. "కన్ను ముందు ఇక్కడికి పోతోంది, తాత దగ్గరికి తర్వాత వస్తోంది" అన్నాడు. కవరును వేలితో మూసిపెట్టి మళ్ళీ చూడమన్నాడు. ఫొటో మారిపోయింది. అప్పటి నుంచి క్లిక్ కొట్టే ముందు నాలుగు మూలలూ చూసుకోవడం అలవాటైంది.

ఇంకోటి, ఎనిమిది మంది ఒకే పూలమ్మిని తీస్తే ఎనిమిది రకాల ఫొటోలు వస్తాయి. ఒకరు చేతులు తీస్తారు, ఒకరు తక్కెడ తీస్తారు. పక్కనే నిలబడిన మనకు అది ఎందుకు కనబడలేదో తెలుసుకోవడం కూడా చదువే. ఒక్కరమే బస్సెక్కి తిరిగితే అది దొరకదు.

గుత్తికోట_నీడ
ఫొటో చూసి తప్పులు చెప్పేవాళ్ళు ఆన్‌లైన్‌లోనూ ఉన్నారు కదా హంద్రీ. గ్రూపుల్లో పెడితే చెప్తారు.

హంద్రీ_ఒడ్డు
చెప్తారు అన్నా, "సూపర్ బ్రో", "నైస్ క్లిక్" అని. ఆ కవరు సంగతి ఎవరూ చెప్పరు.

ప్రొద్దుటూరు_మేడ
😀 నిజం. మా పెదనాన్న కొడుకు అయితే చూడకుండానే లైక్ కొడతాడు.

ఓబుళం_కొండ
చేరే ముందు బ్యాచ్ సంగతి గట్టిగా కనుక్కో చెల్లీ. నేను చేరిన చోట (ఊరు చెప్పను) పోస్టర్ మీద "చిన్న బ్యాచ్" అనే వేశారు. తీరా పోతే ఫంక్షన్ హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. పొద్దంతా తెర మీద స్లైడ్లు. సాయంత్రం ఒక మోడల్‌ను నిలబెట్టి లైట్లు వాళ్ళే సెట్ చేసి తీసుకోమన్నారు. ముందు వరుసలో వాళ్ళ భుజాల మీది నుంచి చేతులు పైకెత్తి తీసుకున్నాం. అందరికీ ఒకే ఫొటో. చివర్న సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. నా ఫొటో ఒక్కటి కూడా ఎవరూ చూడలేదు.

లైట్ ఎక్కడ పెట్టాలి, ఎందుకక్కడ అన్నదే నేర్పాల్సింది. సెట్ చేసిపెట్టిన లైట్‌లో తీసిన ఫొటో మన చదువు కిందికి రాదు.

ఆదోని_పత్తిపువ్వు
అయ్యో. వీళ్ళు ఎనిమిదే అన్నారు గానీ నోటి మాటే అది. రాతపూర్వకంగా అడుగుతా. హంద్రీ గారూ, మీ కోర్సులో ఫొటోలు చూడటం రోజూ ఉండేదా?

హంద్రీ_ఒడ్డు
రోజూ. అదే అడుగు. "ప్రతి ఒక్కరి ఫొటోలు రోజూ చూస్తారా, ఎంతసేపు" అని.

స్టూడియో_బాబాయ్
నంద్యాలలో మాకు స్టూడియో ఉంది, ఫిల్మ్ రోజుల నుంచి ఇదే పని. పది రోజుల కోర్సుకు నేను వ్యతిరేకం కాదు. కానీ పది రోజుల్లో ఫొటోగ్రాఫర్ అయిపోతారని ఎవరన్నా చెప్తే నమ్మవద్దు.

కెమెరా పని నిజంగా వచ్చేది పెళ్ళిలో. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కసారే వస్తుంది. మధ్యలో తెర, చుట్టూ బంధువులు, వెనక పట్టుచీరల మీద పసుపు రంగు బల్బులు, ముందర వీడియో వాళ్ళ తెల్ల లైటు. వీడియో అతను ఆ లైటు అటు తిప్పితే ఒక ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు మోతాదు), ఇటు తిప్పితే ఇంకో ఎక్స్‌పోజర్. ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం. అప్పుడు వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపించే సెట్టింగ్) ఆటోలో పెట్టి కూర్చుంటే ఫొటోకో రంగు వస్తుంది, ఆల్బమ్‌లో పక్కపక్కన పెట్టలేం. హోమం పొగ లేస్తే ఆటో ఫోకస్ వెతుక్కుంటూ ఉంటుంది. ఇవన్నీ తెర పడకముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఒక్క సీజన్ ఎవరి దగ్గరన్నా అసిస్టెంటుగా తిరిగితే ఇదంతా వస్తుంది, పైన రోజుకు ఎంతో కొంత ఇస్తారు కూడా.

ఇంకో మాట. మౌఢ్యం అడ్డం రాకుంటే మే అంటే ముహూర్తాల నెల. మంచి పనిమంతుడైన మాస్టారు మేలో పది రోజులు పెళ్ళిళ్ళు వదులుకుని పాఠం చెప్తాడా? అది అడుగు. ఆషాఢంలో పెట్టే కోర్సయితే నేను ఇంకా నమ్ముతా. అప్పుడు మా అందరికీ ఖాళీనే.

కడప_గడప
బాబాయ్ చెప్పిన ఆషాఢం పాయింట్ బాగుంది. కానీ పిల్లలకు, టీచర్లకు సెలవులు మేలోనే కదా. అందుకే సమ్మర్ కోర్సులు.

ధర్మవరం_జరీ
స్టూడియో బాబాయ్ గారూ, "అసిస్టెంటుగా తిరుగు" అని మగపిల్లలకు చెప్పినంత తేలిగ్గా ఆడపిల్లకు చెప్పలేం. రాత్రి ముహూర్తం అయితే తెల్లవారుజామున మూడింటికి మండపం నుంచి ఎట్ల వస్తుంది, ఎవరితో వస్తుంది? నేను ఈ పనిలోనే ఉన్నా కాబట్టి చెప్తున్నా. మొదట్లో తీసుకుపోయేవాళ్ళే దొరకలేదు. "అమ్మాయి ట్రైపాడ్లు మోస్తుందా" అన్నారు. కెమెరా పట్టడం రాని అమ్మాయిని అసలే తీసుకోరు. చేతిలో కొంచెం పని ఉంటేనే అడిగే ధైర్యం వస్తుంది, అది ఇట్లాంటి కోర్సులో వస్తుంది.

పత్తిపువ్వూ, నీకొక సంగతి చెప్తా. ఇప్పుడు ఆడ ఫొటోగ్రాఫర్ కోసం అడిగి మరీ పిలుస్తున్నారు. పెళ్ళికూతురి ముస్తాబు, సీమంతం, ఓణీల ఫంక్షన్, పసిబిడ్డల ఫొటోలు. ఇవన్నీ చాలావరకు పగటి పని, ఇళ్ళలో పని. గదిలోకి మగ ఫొటోగ్రాఫర్ వస్తే అమ్మాయి బిగుసుకుపోతుంది. మనం పోతే జడ వేసుకుంటూ మాట్లాడుతుంది, నవ్వుతుంది, ఫొటో అక్కడే పుడుతుంది. కాబట్టి కోర్సులో కోటలూ కొండలే కాకుండా, ఇంటి లోపల కిటికీ వెలుతురులో మనిషిని తీయడం నేర్పుతారా అని అడుగు. నీకు అన్నం పెట్టేది అదే.

స్టూడియో_బాబాయ్
అమ్మా జరీ, నువ్వు చెప్పింది న్యాయం. రాత్రి ముహూర్తాల సంగతి నిజమే. మా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు చేస్తున్నారు, రాత్రి పని అయితే మా కారులోనే ఇంటి దగ్గర దించుతాం. అట్ల దించేవాళ్ళ దగ్గరే చేరాలి.

ప్రొద్దుటూరు_మేడ
ఏ పెళ్ళికి పోయినా భోజనం మాత్రం ముందే అడిగి తినేయ్. కెమెరా వాళ్ళకు ఎప్పుడూ చివరి పంక్తే 😀

ఫోన్_రాజు
మధ్యలో ఒక ప్రశ్న. నా దగ్గర కెమెరా లేదు, ఫోనే. ఇట్లాంటి కోర్సుకు ఫోన్ పట్టుకుని పోతే చేర్చుకుంటారా?

నాపరాయి
రాజు గారికి: ఫ్రేమ్, వెలుతురు, సమయం, ఇవి మూడూ ఫోన్‌తో నిక్షేపంగా నేర్చుకోవచ్చు. కానీ చాలా ఫోన్లలో అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం) మారదు. షట్టర్ (వెలుతురు ఎంతసేపు పడాలి), ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ ఎంత స్పందించాలి) ప్రో మోడ్‌లో మార్చుకోవచ్చు గానీ అపర్చర్ మారిస్తే ఏమవుతుందో చేత్తో తిప్పి చూసే వీలు ఉండదు. కోర్సు వాళ్ళ దగ్గర స్పేర్ కెమెరా ఉందేమో అడగండి.

ఇక పత్తిపువ్వు అమ్మగారి ఎండ టెన్షన్. ఎండను వదిలేసి పొద్దున, సాయంత్రం మాత్రమే తీయమని అందరూ చెప్తారు. నేను దానికి అడ్డం చెప్తా. మే మొదటి వారంలో కర్నూలులో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో ఒక కర్ర నిలువుగా పాతి చూడండి, నీడ కర్ర మొదట్లోనే ఉంటుంది. కడప, అనంతపురంలో ఇంకొంచెం ముందే, ఏప్రిల్ చివర్లో. మళ్ళీ ఆగస్టులో ఇంకోసారి. అట్లాంటి ఎండలో మనిషిని బయట నిలబెడితే కళ్ళు గుంటల్లో చీకటి, ముక్కు కింద నల్ల మీసం లాగా నీడ. దాన్ని ఎట్ల దారికి తెచ్చుకోవాలో నేర్చుకోవడానికి మన రాయలసీమ మే నెల కంటే మంచి బడి ఇంకెక్కడుంది?

మాది బేతంచెర్ల. మా ఇళ్ళ ముందు నాపరాళ్ళ అరుగులు. మధ్యాహ్నం ఎండ వాకిట్లో బండల మీద పడి పైకి లేస్తుంది. మనిషిని పంచ నీడలో అంచుకు దగ్గరగా, వాకిలి వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టు. కింది నుంచి మెత్తటి వెలుతురు వచ్చి కళ్ళ గుంటల్లో నీడ తీసేస్తుంది. కళ్ళలో తెల్లటి చుక్క మెరుస్తుంది. నాపరాయి లేకపోతే బుక్ షాపులో థర్మాకోల్ షీటు కొని మోకాళ్ళ దగ్గర పట్టుకోమను. రిఫ్లెక్టర్ కోసం వేలు పోయనక్కర లేదు.

ఇంకా మంచిది పాత మట్టిమిద్దె. ఇప్పుడు తక్కువైపోయాయి గానీ పల్లెల్లో ఇంకా ఉన్నాయి. మిద్దె నడిమధ్య గవాక్షి (వెలుతురు కోసం పైకప్పులో వదిలిన కన్నం) ఉంటుంది చూడు, మధ్యాహ్నం అందులోంచి ఎండ నిలువుగా ఒక కంబం లాగా దిగుతుంది. అవ్వ శనక్కాయలు వొలుచుకుంటూ ఆ ఎండ అంచుకు కూర్చుంటుంది. ఎండ చేటలో పడి, చేట నుంచి ముఖం మీదికి వస్తుంది. గదంతా చీకటి. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే ఆ చీకటి చూసి భయపడి ఫొటో మొత్తం తెల్లగా చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కను మనం పెంచడం, తగ్గించడం) మైనస్ ఒకటి, అవసరమైతే మైనస్ రెండు పెట్టు. చీకటి చీకటిగానే ఉండాలి. అప్పుడు అవ్వ ముఖంలో గీతలు, వేళ్ళకంటిన శనక్కాయ పొట్టు కనబడతాయి.

ధర్మవరం_జరీ
నాపరాయి అన్నా, ఈ పోస్టు నేను దాచుకుంటున్నా. చేట సంగతి నాకు తెలీదు.

ఫోన్_రాజు
గవాక్షి ఉన్న ఇల్లు మా అవ్వ వాళ్ళది ఉంది, తుగ్గలి దగ్గర. ఆదివారం పోతున్నా.

గుత్తికోట_నీడ
నాపరాయి రాసిందే నా వాదన కూడా. చూడండి, ఇదంతా ఆయన ఊరికే చెప్పాడు, పన్నెండు వేలు తీసుకోలేదు.

నాపరాయి
చదివితే వచ్చేది సగమే అన్నా. మైనస్ ఒకటా, రెండా అన్నది ఆ గదిలో కూర్చుంటేనే తేలేది. పక్కన తెలిసినవాడు ఉంటే తొందరగా తేలుతుంది, అంతే తేడా.

ఓబుళం_కొండ
50 ఎంఎం గురించి కూడా ఒక మాట. గుత్తి అన్నా, ఆమె కెమెరా కానన్‌లో చిన్న సెన్సర్‌ది (బొమ్మ పడే చిప్ చిన్నది) అయితే 1.6 రెట్లు లెక్క. 50 పెడితే 80 లాగా చూపిస్తుంది. ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడినా మనిషి నిండుగా పట్టడు. ముస్తాబు గదిలో దాంతో ఒక్కటే పని కాదు. ముందు 18-55 తోనే నేర్చుకోనీ.

గుత్తికోట_నీడ
అది ఒప్పుకుంటా. కానీ వెలుతురు తక్కువైతే? 18-55 లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే కన్నం పెద్దది). ఎఫ్/1.8 దానికంటే తొమ్మిది రెట్ల పైనే వెలుతురు లోపలికి తీసుకుంటుంది. ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట 800 తో పోతుంది. ఇది చిన్న విషయమా?

హంద్రీ_ఒడ్డు
ఇద్దరూ రైటే. మా కోర్సులో బెలూం గుహలకు తీసుకుపోయింది ఇందుకే. 3,229 మీటర్ల గుహ, అందులో కిలోమీటరున్నర దాకా లోపలికి పోనిస్తారు. దీపాలున్న చోట పసుపు వెలుతురు, పక్కనే కటిక చీకటి. లోపల ఉక్కపోత, ఏసీ బండి దిగి నేరుగా పోతే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. కెమెరాను బ్యాగులోనే పెట్టి కాసేపు వేడికి అలవాటు కానివ్వాలి, చీరతోనో కర్చీఫ్‌తోనో తుడవకూడదు. అక్కడ 18-55 ని 18 దగ్గరే ఉంచి ఎఫ్/3.5, రాతికి మోచేతులు ఆనించి తీశాం. లెన్స్ మార్చకుండా ఎంత దూరం పోగలమో అక్కడ తెలిసింది. ఆ తర్వాత ఎవరికి ఏ లెన్స్ కావాలో వాళ్ళకే తెలిసిపోయింది. కొనేది అప్పుడు కొనాలి.

కడప_గడప
గండికోటకు తీసుకుపోతారా లేదా? పెన్నా లోయ దగ్గర పొద్దున పూట ఆకాశం ధగధగలాడుతుంటుంది, కింద లోయ నీడలో ఉంటుంది. రెండూ ఒకే ఫొటోలో రావు. ఒకటి ఆకాశానికి, ఒకటి రాళ్ళకు, ఒకటి మధ్యలో పెట్టి వరసగా మూడు తీసుకోవాలి. బ్రాకెటింగ్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఒకటి గుర్తుపెట్టుకో. గండికోట, లేపాక్షి లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో చేతిలో కెమెరాతో తీసుకుంటే ఇబ్బంది ఉండదు. ట్రైపాడ్, డ్రోన్ అంటే ముందే అనుమతి కావాలి. ఎనిమిది మంది ట్రైపాడ్లతో దిగితే వాచ్‌మన్ ఆపేస్తాడు. అనుమతి ఎవరు తీసుకుంటారో కోర్సు వాళ్ళను అడుగు.

ప్రొద్దుటూరు_మేడ
కడప వాళ్ళకు గండికోట మాట రాకుండా థ్రెడ్ ముగియదు కదా 😀

కడప_గడప
మా గండికోట అట్లాంటిది మరి.

ఆదోని_పత్తిపువ్వు
ఇన్ని సంగతులు చెప్తారని అనుకోలేదు. ఇంకో సందేహం. మొదటి రోజు నుంచే మాన్యువల్ మోడ్ (అన్నీ మనమే పెట్టుకునేది) అంటున్నారు కోర్సు వాళ్ళు. ఆటో నుంచి నేరుగా దాంట్లోకి దూకగలనా?

స్టూడియో_బాబాయ్
దూకాల్సిందే. ఫిల్మ్ రోజుల్లో మాకు లైట్ మీటర్ (వెలుతురు కొలిచేది) కూడా చేతిలో లేదు. నేర్పిన పద్ధతి ఒకటే: ఎర్రటి ఎండలో ఐఎస్ఓ 100 అయితే షట్టర్ 1/100, అపర్చర్ ఎఫ్/16. ఐఎస్ఓ 400 అయితే 1/400, ఎఫ్/16. మన ఎండకు ఇది తప్పదు. అక్కడి నుంచి పలచగా మబ్బు పడితే అపర్చర్ ఒక స్టాప్ తెరువు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు), నీడలోకి వస్తే మూడు నాలుగు స్టాపులు తెరువు. రెండు రోజులు ఇదే చెయ్యి, కెమెరా మీటర్ చూడకుండానే అంచనా వస్తుంది.

ధర్మవరం_జరీ
నేను ఒప్పుకోను బాబాయ్. మొదట అపర్చర్ ప్రయారిటీ. కానన్‌లో ఏవీ అని ఉంటుంది. అపర్చర్ ఒక్కటే మనం పెట్టుకుంటాం, షట్టర్ కెమెరా చూసుకుంటుంది. వెనక బ్లర్ ఎంత కావాలి, ఎంతమంది ఫోకస్‌లో ఉండాలి అన్నది ముందు బుర్రకెక్కాలి. ముగ్గురు అక్కచెల్లెళ్ళను ముందూ వెనకా నిలబెట్టి ఎఫ్/1.8 లో తీస్తే ఒకరి కళ్ళే స్పష్టంగా ఉంటాయి. ఈ ఒక్కటి నేర్చుకుంటే ఇళ్ళలో పని అయిపోతుంది. మాన్యువల్ తర్వాత దానంతటదే వస్తుంది.

స్టూడియో_బాబాయ్
ఏవీలో పెట్టి తెల్లపంచె పెళ్ళికొడుకును తీయి. కెమెరా ఆ తెలుపు చూసి ఫొటో మొత్తం బూడిద రంగు చేస్తుంది.

ధర్మవరం_జరీ
అప్పుడు కాంపెన్సేషన్ ప్లస్ ఒకటి పెడతా. నాపరాయి అన్న అవ్వకు మైనస్ పెట్టినట్టే.

స్టూడియో_బాబాయ్
సరేలే తల్లీ, ఏదైతేనేం, మీటర్ ఎందుకు మోసపోతుందో తెలిస్తే చాలు. నీకు తెలుసు.

హంద్రీ_ఒడ్డు
మా మాస్టారు మొదటి మూడు రోజులు ఏవీ, తర్వాత మాన్యువల్ చేయించాడు. ఇద్దరి మాటా దక్కింది.

ఓబుళం_కొండ
ఎండల జాగ్రత్తలు ఎవరూ రాయలేదు, నేను రాస్తా. కెమెరాను ఆగి ఉన్న కారులో, బైకు డిక్కీలో వదలొద్దు. దుమ్ము మనకు పెద్ద శత్రువు. గాలి తోలేటప్పుడు బయట లెన్స్ మార్చొద్దు. రబ్బర్ బ్లోయర్ ఒకటి కొనుక్కో, నోటితో ఊదొద్దు. తలకు తుండుగుడ్డ, మజ్జిగ సీసా. ఓర్వకల్లు రాళ్ళ దగ్గరికి తీసుకుపోతే మధ్యాహ్నం పూట ఆ రాళ్ళ మీద చెయ్యి పెట్టలేం, పొద్దున్నే అయితేనే పో.

ఫోన్_రాజు
గవాక్షి ఫొటో తీశా! మైనస్ పెట్టాను. అవ్వ "ఎందుకురా ఈ చీకట్లో" అంది. ఫొటో చూపిస్తే ఇంట్లో అందరినీ పిలిచి చూపించింది. చేటలో వెలుతురు నిజంగానే ముఖం మీదికి వచ్చింది.

నాపరాయి
పెట్టు ఇక్కడ, చూద్దాం. మూలలు చూసుకున్నావా?

ఫోన్_రాజు
ఎడమ మూలన ప్లాస్టిక్ బిందె ఉంది. నీలంది. హంద్రీ అన్న వేలు పెడతాడు ఇప్పుడు.

హంద్రీ_ఒడ్డు
పెట్టేశా 😀 బిందె జరిపి మళ్ళీ తీయి. అవ్వ చేతులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి, వాటికి ఇంకా దగ్గరికి పో.

ఆదోని_పత్తిపువ్వు
ఫోన్ చేసి మీరు చెప్పినవన్నీ అడిగా. వాళ్ళ జవాబులు ఇవి.

బ్యాచ్ ఎనిమిదే, మెసేజ్‌లో రాసి పంపించారు. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా ఫొటోలు చూడటమే, ప్రతి ఒక్కరివీ. నేర్పేది ఇద్దరు. ఒకాయనకు ఆ పది రోజుల్లో రెండు ముహూర్తాలు ఉన్నాయట, దాచకుండా చెప్పాడు. ఆ రెండు రోజులూ ఇంకొకామె చూసుకుంటుందట. ఇష్టం ఉన్నవాళ్ళను పగటి ముహూర్తానికి తనతో తీసుకుపోతాడట. బాబాయ్ గారు చెప్పిన పెళ్ళి పాఠం అక్కడే దొరికేట్టుంది. ఇంటి లోపల మనుషులను తీయడానికి రెండు రోజులు పెట్టారు. గండికోట లేదు (సారీ కడప గారూ), బెలూం ఉంది. ట్రైపాడ్ అనుమతులు వాళ్ళే చూసుకుంటారు. ఫీజు రెండు వాయిదాల్లో కట్టొచ్చు. మొదటి రెండు రోజుల్లో నచ్చకపోతే మిగతాది కట్టక్కర లేదు.

నాన్నకు ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా. తెల్లపంచె బూడిద రంగు అవుతుందన్న చోట ఆపి, మా అన్న పెళ్ళి ఆల్బమ్ తెచ్చి చూశాడు. నిజంగానే బూడిదగా ఉంది. "పో, నేర్చుకునిరా, నా పంచె తెల్లగా రావాలి" అన్నాడు.

ధర్మవరం_జరీ
రెండో వాయిదా సంగతి కూడా మెసేజ్‌లో రాయించుకో. నేర్పే ఇద్దరిలో ఒకామె ఉండటం చాలా మంచిది. ఆమె నంబరు మీ అమ్మకు ఇచ్చెయ్, ఆ టెన్షన్ సగం తగ్గుతుంది.

గుత్తికోట_నీడ
అన్నీ అడిగి, అన్నింటికీ జవాబు రాబట్టావు, చేరు. ఇట్లాంటి కోర్సు మా వైపు ఉండి ఉంటే నేనూ చూసేవాణ్ణి. లెన్స్ మాత్రం కోర్సు అయ్యాక కొను, అప్పుడు నన్నడుగు, మంచిది చూసిపెడతా.

కడప_గడప
గండికోట లేదంటే ఎట్ల. కోర్సు అయ్యాక మీ ఎనిమిది మందీ రండి, జమ్మలమడుగులో నేనుంటా, పొద్దున నాలుగింటికి లేపుతా.

స్టూడియో_బాబాయ్
ఆ పగటి ముహూర్తానికి తప్పకుండా పో అమ్మా. ముదురు రంగు బట్టలు వేసుకుని పో, తెల్లవి వేసుకుంటే పెళ్ళికూతురి నగల్లో నువ్వే కనబడతావు. స్పేర్ బ్యాటరీ, రెండు మెమరీ కార్డులు పెట్టుకో. రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా మార్చని ముడి ఫైలుగా తీస్తే కార్డు తొందరగా నిండుతుంది. నంద్యాల వైపు వస్తే స్టూడియోకు రా, ఒక పాత ట్రైపాడ్ ఉంది, తీసుకుపో. ఒక కాలికి లాక్ కాస్త వదులు, టేపు చుట్టుకుంటే పని చేస్తుంది.

ఫోన్_రాజు
పత్తిపువ్వు గారూ, వాళ్ళ దగ్గర స్పేర్ కెమెరా ఉందేమో నా కోసం ఒక్కసారి అడుగుతారా? ఇంకో సీటు ఉంటే నేనూ వస్తా.

ఆదోని_పత్తిపువ్వు
అడిగా. ఒక బాడీ ఉందట, రోజుకు ఇంత అని అద్దె. ఇంకా రెండు సీట్లున్నాయి. రేపు సాయంత్రం లోపల చెప్పమన్నారు.